చేతుల మీద కూర్చునే మేడం

దగ్గరగా జరిగి కూర్చోండి, మా మేడం సంగతి చెబుతాను. నేరేడ్‌మెట్‌లో మా ఇంటి పైఅంతస్తులో ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది, వాళ్లకు చాయ్ నేనే కాచి ఇచ్చేదాన్ని. ఆస్పత్రులకు టోకెన్లు ఇచ్చే యాప్ చేసేవారు. ముగ్గురున్నప్పుడు అన్ని పనులూ ఆమే చూసుకునేది. ఇరవై మంది అయ్యాక పనులు పంచి ఇచ్చింది గానీ, చేతులు ఊరుకోవు కదా! ఎవరి పనిలోనో వేలు పెట్టబోయి, చటుక్కున రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది.

ఒకరోజు ఒక ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు యాప్ చూడటానికి వచ్చారు. ఆయన వద్దంటే ఆరు నెలల కష్టం నీళ్లపాలే. చూపించే బాధ్యత మేడం కొత్తగా చేరిన ఒక అమ్మాయికి ఇచ్చింది. ఆ అమ్మాయి రోజువారీ లెక్కల రిపోర్టులు తెరవగానే యాప్ కాస్తా ఆగిపోయింది. అందరూ మేడం వైపు చూశారు. చాయ్ పట్టుకుని నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మేడం చేతులు తొడల కిందికి పోయాయి.

"నువ్వే చెప్పురా, ఇది నీ పని," అంది.

అమ్మాయి డాక్టరుగారి వైపు తిరిగింది. "సార్, టోకెన్లు పక్కాగా నడుస్తయి. రిపోర్టులు ఇంకా కాలే. అవి తర్వాత పెట్టి, సోమవారం షురూ చేద్దాం. రిపోర్టులు నా జిమ్మేదారి."

డాక్టరుగారు నవ్వారు. "గిట్ల సాఫ్ చెప్పెటోళ్లే నాక్కావాలె. కానియ్యండి!"

ఆయన వెళ్లాక నేను ఊరుకోలేదు. "బెల్లం గొట్టిన రాయి లెక్క కూసున్నవేంది మేడం?"

ఆమె రెండు చేతులూ చాపింది. పేము కుర్చీ అల్లిక అచ్చులు పడి అవి ఎర్రగా కందిపోయాయి.

"చూడమ్మా! ఇయాల అందరికన్న ఎక్కువ కష్టపడ్డది నేనే!"

మీ ఇంట్లోనూ పిల్లలకు పని అప్పగించి నమ్మే పెద్దలుండాలి, మీ పొయ్యి మీద చాయ్ ఎప్పుడూ నలుగురికి సరిపడా మరగాలి.