లేరన్న అన్నయ్యలు

ఆ వీధిలో ఆమెను అందరూ చిన్నోడనే పిలుస్తారు. ఆడమనిషికి అదేం పేరని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు గానీ, బొగ్గుల ఇస్త్రీ పెట్టెను ఆమె ఒంటిచేత్తో లాగించడం చూశాక నోరు మూసుకుంటారు. పేరు తల్లి పెట్టిందే. ఒక్కగానొక్క సంతానం, కొడుకైనా కూతురైనా తనే కాబట్టి అలా పిలుచుకుందని ఆమె నమ్మకం. ఆ పిలుపంటే కాస్త గర్వం కూడా.

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఒక్కలాగే ఉంటారు. చేతులు బట్ట మీద, చెవులు వీధి మీద. ఎవరింట్లో దుప్పట్లు రెండు గదులకు విడిపోయాయో, ఎవరి చొక్కాలు ఉన్నట్టుండి వదులయ్యాయో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలా ఊరందరి గుట్టూ తెలిసిన మనిషికి సొంతింటి గుట్టు తెలియకపోవడమే విడ్డూరం.

ఆమెకు కొడుకు పుట్టాడు. మూడో నెలలో దగ్గు పట్టుకుంది. నోట్లో తెల్లటి పూత, తాగిన పాలు ఒంటికి పట్టవు. భర్తతో కలిసి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ పక్కనే కూర్చున్న బిడ్డ అమ్మమ్మను అడిగింది.

“మీ వైపు మగపిల్లలెవరైనా పసితనంలో పోయారా అమ్మా?”

“అయ్యో, అలాంటివేం లేవు తల్లీ. మావన్నీ గట్టి ప్రాణాలు!”

మందులు మారాయి. దగ్గు మారలేదు. బిడ్డ రోజురోజుకీ తేలిపోతున్నాడు.

ఒక మధ్యాహ్నం పిన్ని చూడవచ్చింది. పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకుంటూనే నోరు జారింది.

“అక్కా, అచ్చం మన పెద్దాడేనే! వాడి నోట్లోనూ ఇలాగే పూత...”

తల్లి చటుక్కున ఆమె తొడ గిల్లింది. చిన్నోడు బల్ల దగ్గర్నుంచే అది చూసింది.

“పెద్దాడెవరు పిన్నీ?”

“ఎవరూ లేరే. నాకు మతిమరుపు.”

“మతిమరుపున్నవాళ్లు ఉన్నవాళ్లను మర్చిపోతారు గానీ, లేనివాళ్లను గుర్తు తెచ్చుకోరు. చెప్పు!”

కమురు వాసన వేసింది. పెట్టె కింద ఎవరిదో తెల్ల చొక్కా. ఇన్నేళ్ల పనిలో ఆమె కాల్చిన మొదటి బట్ట అదే.

పిన్ని ఏడుస్తూ చెప్పేసింది. చిన్నోడి కంటే ముందు ఇద్దరు మగపిల్లలు. ఇద్దరూ ఏడాది నిండకుండానే, ఇలాగే దగ్గి దగ్గి పోయారు. పిల్లకు సంబంధాలు రావని తల్లి అందరిచేతా ఒట్టు వేయించుకుంది.

చిన్నోడు బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. ఆ మాట చెవిన పడగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. రక్తపరీక్షలు చేయించి, బిడ్డను అద్దాల గదిలో విడిగా ఉంచింది.

“రోగాలతో పోరాడే కణాలు వీడికి పుట్టుకతోనే లేవమ్మా. మీ వంశంలో ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తోంది. పుట్టగానే తెలిసుంటే ఏ క్రిమీ తగలకముందే ఎముకల్లోని మూలుగ మార్చేవాళ్లం. ఇప్పుడు ముందు ఊపిరితిత్తులు తేరుకోవాలి. తేరుకుంటే...”



సాయంత్రం తల్లి వచ్చి వరండాలో నిలబడింది.

“ఆవిడ నిన్ను అడిగింది కదమ్మా. నా ఎదురుగానే అడిగింది.”

“అల్లుడు పక్కనే ఉన్నాడే. నీ కాపురం ఏమైపోతుందోనని...”

“నిలబెట్టావులే నా కాపురం. అదిగో, అద్దంలోంచి చూసుకో.”

తల్లి చూడలేకపోయింది. చిన్నోడే మళ్లీ అడిగింది.

“వాళ్లను ఏమని పిలిచేదానివి?”

“పెద్దాణ్ని బంగారం అనేదాన్ని.”

“రెండోవాణ్ని?”

తల్లి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. “ఆ పిలుపు నా నోటికి అలవాటైపోయిందే. నువ్వు పుట్టాక కూడా మానుకోలేకపోయాను.”

తన మూలుగ బిడ్డకు కుదురుతుందో లేదో తేల్చడానికి రక్తం ఇచ్చి, మోచేతి దగ్గర దూది అదుముకుంటూ భర్త వరండా చివర కనిపించాడు.

“చిన్నోడా!”

ఆమె తిరగలేదు. అతను మళ్లీ పిలిచాడు. ఆ పిలుపు తనది కానట్టే, అద్దం అవతల ఎగిరెగిరి పడుతున్న చిన్ని రొమ్మునే చూస్తూ నిలబడింది.