నలభై చీటీలు

గ్లాసుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని అందరూ ఎందుకమ్మ అంటారు. పొద్దున్నే గుమ్మంలో అడుగుపెట్టింది మొదలు, "ఇదెందుకు ఇక్కడుంది? అదెందుకు అలా మోగింది?" అని బుర్ర తినేస్తుంది. అలాంటి మనిషి ఎనిమిది నెలల కిందట ఒక్కసారి మాత్రం ఎందుకని అడగలేదు.

అప్పట్లో రెండు బల్లల మీద ప్యాకింగ్ జరిగేది. ఇరవై రోజుల్లో ఒకటో బల్ల దగ్గర నలభై తొమ్మిది గ్లాసులు పగిలాయి, రెండో బల్ల దగ్గర అరవై ఒకటి. ఆ రెండోది బాబాయ్‌ది. వరసకి బాబాయేం కాదు, ఆమెకి పని నేర్పినవాడు.

"పన్నెండు తేడా! పెద్దాయనకి చేతులు వణుకుతున్నట్టున్నాయి" అన్నాడు మేనేజరు. ఎందుకమ్మ తలూపి రిపోర్టు రాసిచ్చేసింది. ముప్పై ఏళ్లు గాజు పట్టిన మనిషి ఆ మర్నాటి నుంచి గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లారీల నంబర్లు రాసుకుంటున్నాడు.

ఈ మధ్య కంపెనీ ఆమెని రెండు రోజుల శిక్షణకి పంపింది. తేడా కనబడగానే నిర్ణయానికి రావద్దని, ఉట్టి అదృష్టమే ఎంత తేడా తేగలదో ముందు చూడమని అక్కడ చెప్పారు. అది విన్నాక ఎందుకమ్మ కుదురుగా ఉంటుందా? పాత రిజిస్టరు దులిపింది. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో రోజు పగిలిన గ్లాసుల లెక్క ఒక్కో చీటీ మీద రాస్తే నలభై చీటీలయ్యాయి. ఏది ఎవరిదో చూడకుండా అట్టపెట్టెలో కలిపి, ఇరవై ఇటూ ఇరవై అటూ పోసి కూడింది. తేడా నాలుగు. మళ్లీ కలిపింది. పద్దెనిమిది! ఎవరి చేతులూ వణక్కుండానే!

పది రోజుల పాటు మధ్యాహ్నం క్యారేజీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వందసార్లు కలిపింది. ఎటువైపైనా పన్నెండో, అంతకు మించో తేడా ఇరవై ఏడుసార్లు వచ్చింది. అంటే ఎవరి తప్పూ లేకపోయినా అంత తేడా సుమారు నాలుగుసార్లకొకసారి దానంతటదే వస్తోంది. పెట్టె పట్టుకుని మేనేజరు గదికెళ్లింది.

"చీటీలాటతో ఫ్యాక్టరీ నడుస్తుందామ్మా?" అన్నాడు మేనేజరు.

"మీరే కలపండి సార్."

వేళాకోళంగానే కలిపాడు. మూడోసారికి పద్నాలుగు వచ్చింది. చీటీలు తిరిగి పెట్టెలో పోశాడు.

"రెండు నెలలు ఆయన్ని బల్లలు మార్చి మార్చి కూర్చోబెట్టి చూడు" అన్నాడు చివరికి.

ఆ సాయంత్రమే ఆమె బాబాయ్ ఇంటికెళ్లి అంతా చెప్పింది.

"అంటే నా చేతులు వణకట్లేదంటావా?"

"అలా అనలేను బాబాయ్. వణుకుతున్నాయనడానికి ఆ లెక్క చాలదంటున్నా. అది చూసుకోకుండా రాసిచ్చేశా. తప్పు నాదే."

ఆయన తన అరచేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. చంటిపాపని ఎత్తుకుని పిన్ని లోపల్నుంచి వచ్చింది.

"మనవరాలికి ఐదు నెలలొచ్చాయమ్మా. జారిపోతుందేమోనని ఈయన ఒక్కసారీ ఎత్తుకోలేదు" అంది.

ఎందుకమ్మ తల పైకెత్తలేకపోయింది. బాబాయ్ లేచి చేతులు కడుక్కొచ్చాడు.

"ఇలా ఇవ్వు" అన్నాడు.

ఇస్తుంటే పిన్ని చేతులే వణికాయి.