దొర ఊయలకెక్కిన పాట

మనవరాలు ఇందాక ఫోన్‌లో జోలపాట పెడితే ఆపెయ్యమన్నాను. ఎందుకో చెబుతాను, రాయమన్నాను.

నా ఈడు వాళ్ళారా, నాట్లలో ఒకరు పాట ఎత్తుకుంటే వరుసంతా అందుకునేది, గుర్తుందా? నిజాం కాలంలో, వనపర్తి దగ్గర మా ఊళ్ళో, ఇక వెట్టికి రామంటూ మా అమ్మ పాట కట్టింది. ఆడవాళ్ళంతా పాడారు.

అది విన్న దొర కొట్టలేదు. కొడితే దెబ్బకు పసుపు పెట్టుకునేవాళ్ళం. అమ్మను కోటలాంటి తన గడికి పిలిపించి, "మంచిగున్నదే నీ గొంతు. గదే పాట మా పిల్లగానికి పాడు" అన్నాడు. ఏడాదంతా అతని కొడుకు ఊయల ఊపుతూ అమ్మ అదే పాడింది.

మళ్ళీ నాట్లొచ్చాయి. అమ్మ ఎత్తుకుంటే ఒక్కరూ అందుకోలేదు.

"గది దొర కొడుకును పండవెట్టే పాట గదా అక్కా, ఇంకోటి పాడు" అని పక్కామె నవ్వింది.

అమ్మ దగ్గర ఇంకో పాట లేదు.