మార్సీ గొంతులో బ్రైనా అత్త

ఫిలడెల్ఫియాలో కాస్టర్ అవెన్యూ మీద ఉన్న కళ్ళజోళ్ళ దుకాణంలో మార్సీ పార్కర్ చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. కొత్త అద్దాలు వచ్చాక ఫ్రేము ముఖానికి కుదిరేలా సరిచేసి పెట్టడం ఆమె పని. చెవి వెనక నొక్కుతోందనీ ముక్కు మీంచి జారుతోందనీ వచ్చేవాళ్ళతో ఆమె తన గొంతుతో మాట్లాడేది తక్కువ, బ్రైనా అత్త గొంతుతో మాట్లాడేది ఎక్కువ.

"ఏమిటి నాయనా అలా చిక్కిపోయావు, జైల్లోంచి గానీ వచ్చావా?" అని ముక్కుతో సాగదీసి అడిగేసరికి, కాస్త వయసొచ్చిన వాళ్ళెవరైనా పగలబడి నవ్వాల్సిందే. "పై వాటా" అనే ఆ టీవీ హాస్య సీరియల్ చూడని ఇల్లు ఒకప్పుడు ఆ ఊళ్ళో లేదు. అందులో పై వాటాలో అద్దెకుండే యూదు ముసలావిడే బ్రైనా అత్త. కింద ఎవరింట్లో ఏం జరిగినా సూప్ గిన్నె పట్టుకుని దిగిపోతుంది. ఎవరైనా మంచి మాట అంటే దిష్టి తగలకుండా "థు థు థు" అంటుంది.

మార్సీ ఆ సీరియల్ చూసింది నాన్నమ్మ టిల్లీ ఒళ్ళో తల పెట్టుకుని. బబ్బీ అని పిలిచేది ఆవిణ్ణి. వాళ్ళూ యూదులే. అయితే ఆ మాట ఇంట్లో పైకి వచ్చేది కాదు. తండ్రి మోర్ట్ కుర్రతనంలో పనిచేసిన చోట ఆయన భోజనం డబ్బాలో తోటివాళ్ళు యూదులు తినకూడని పంది మాంసం ముక్కలు పెట్టి, మూత తీసేదాకా చూసి నవ్వేవాళ్ళు. ఆయన ఆ పని మానేశాడు. పిన్‌స్కర్ అన్న ఇంటిపేరు తీసేసి పార్కర్ అని పెట్టుకున్నాడు. "మనం ఎవరమో ఊరందరికీ చెప్పుకోనక్కర్లేదు" అనేవాడు. ఆ ఇంట్లో క్రిస్మస్ చెట్టూ లేదు, యూదుల పండగా లేదు. గురువారం సాయంత్రం "పై వాటా" మాత్రం ఉండేది. బ్రైనా అత్త అనే ప్రతి మాటా బబ్బీ ఆవిడతో పాటే అనేది, ఒక్కోసారి ఆవిడకంటే ముందే అనేసేది. మర్నాడంతా అదే ధోరణి. బబ్బీకి టీవీ పిచ్చి ముదిరిందనుకునేది మార్సీ.

బబ్బీ పోయింది, తర్వాత తండ్రీ పోయాడు. మార్సీకి పెళ్ళయింది, విడాకులూ అయ్యాయి. ఒంటరిగా మిగిలిన ఆ రోజుల్లో ఆమెను మళ్ళీ మనుషుల్లో పడేసింది "పై వాటా" అభిమానుల సంఘం. నెలకొక శుక్రవారం డైనర్ అనే ఒక చిన్న హోటల్ వెనక గదిలో కలిసేవాళ్ళు. పాత్రల వేషాలు వేసుకుని, డైలాగులు అప్పజెప్పుకుని, కడుపు నొప్పెట్టేలా నవ్వుకుని వెళ్ళేవాళ్ళు. సంఘం పెట్టింది బ్రెడ్డు వ్యాన్ నడిపే గ్లెన్. మార్సీకి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి కుర్చీలో రాత్రంతా కూర్చున్నవాడు. బ్రైనా అత్త వేషం ఎప్పుడూ మార్సీదే. గళ్ళ శాలువా, నెరిసిన విగ్గు. వాళ్ళెవరికీ ఆమె యూదురాలని తెలియదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అక్టోబరులో, దుకాణం వెనక వీధిలో ఉన్న చిన్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, గోడ మీద ఎవరో నల్లరంగుతో నాజీల గుర్తు వేసి, పక్కన బూతులు రాశారు. మార్సీ పనికి వెళ్తూ చూసింది. తల దించుకుని గబగబా నడిచింది. ఆ వారమే సంఘం కలిసింది.

శాలువా కప్పుకుని మార్సీ సూప్ గిన్నె దృశ్యం చేస్తోంది. అందరూ నవ్వుతున్నారు. నవ్వుతూనే గ్లెన్ అన్నాడు, "ఆ గోడ సంగతి విన్నారా? ఇన్సూరెన్స్ డబ్బుల కోసం వాళ్ళే పూసుకుని ఉంటారు. అడగండి, బ్రైనా అత్తకి తెలియదూ?"

ఇంకా పెద్ద నవ్వు. మార్సీ చేతిలో గరిటె ఆగిపోయింది.

"గ్లెన్, నేను యూదురాలిని."

అందరూ చప్పట్లు కొట్టారు. అదీ వేషంలో భాగమే అనుకున్నారు. "అబ్బ, గొంతు ఏం పట్టావే!" అంది పక్కనున్న బెర్నడెట్.

మార్సీ విగ్గు తీసి బల్ల మీద పెట్టింది. "నిజం చెబుతున్నాను. మా ఇంటిపేరు పిన్‌స్కర్. మా నాన్న మార్చుకున్నాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గ్లెన్ ముఖం ఎర్రబడింది. "నువ్వా? అయినా... నువ్వు అలాంటిదానివి కాదులే."

"ఎలాంటిదాన్ని కాదు?"

ఆమె కోటు తీసుకుని బయటికి వచ్చేసింది. శాలువా ఇంకా భుజాల మీదే ఉందని బస్సెక్కాక గానీ చూసుకోలేదు.

సోమవారం దుకాణానికి ఒక పొట్టి ముసలావిడ వచ్చింది. పేరు ఫేగా జరెట్స్కీ. రష్యన్ మాట్లాడే ఒడెస్సా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. సినగాగ్ గోడ కడుగుతుంటే కళ్ళజోడు బకెట్లో పడి కాడ వంగిపోయిందట. వేళ్ళకి ఇంకా నల్లరంగు మరకలున్నాయి. మార్సీ కాడ సరిచేస్తుంటే ఆవిడ ఎగాదిగా చూసింది.

"ఏమ్మాయ్, అలా చిక్కిపోయావేం? జైల్లోంచి వచ్చావా?"

మార్సీ ఉలిక్కిపడి తలెత్తింది. ఆటపట్టిస్తోందేమో అనుకుంది. "మీరూ చూసేవారా 'పై వాటా'?"

"ఏ వాటా? మా ఇంట్లో టీవీ అంటే రష్యన్ వార్తలే."

"మరి ఆ మాట ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్చుకోవడమేమిటి! మా అమ్మ అనేది. మా అమ్మమ్మ అనేది. బుగ్గలు లోపలికి పోయిన పిల్ల కనిపిస్తే ఇంకేమంటారు?" అద్దాలు పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "ఆహా, బాగా కుదిర్చావు. మంచి చేయి నీది. థు థు థు!"

మార్సీకి కళ్ళు నిండిపోయాయి. అంటే బబ్బీ టీవీ చూసి నేర్చుకోలేదు. ఆ సీరియల్ రాసినవాళ్ళ ఇళ్ళలోనూ ఇలాంటి ముసలమ్మలే ఉండి ఉంటారు. ఆ గురువారాల్లో బబ్బీ తన వాళ్ళ మాటలు వింటూ కూర్చుంది, అంతే. నోరు విప్పడానికి ఆ ఇంట్లో ఆవిడకి దొరికిన సందు అదొక్కటే.

"అయ్యో, ఏడుస్తావేంటే? మనవాళ్ళమ్మాయివేనా?" అంది ఫేగా.

"అవునండీ" అంది మార్సీ. ఆ మాట వారం తిరక్కుండా రెండోసారి.

"అయితే శుక్రవారం భోజనానికి రా. ఖాళీ చేతుల్తో రా, ఖాళీ కడుపుతో రా."

ఆ శుక్రవారం, పొద్దు గూకాక మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం కోసం ఫేగా చీకటి పడకముందే బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలిగించి, అరచేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చెప్పుకుంది. చూస్తూ ఉండగా మార్సీకి చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రాలు బబ్బీ తలనొప్పి అని వంటింటి తలుపు వేసుకునేది. ఒకసారి తలుపు సందులోంచి చూస్తే చేతులతో కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. పాపం, నిజంగా ఎంత నొప్పో అనుకుని చిన్న మార్సీ మంచినీళ్ళు పట్టుకెళ్ళింది. బబ్బీ ఆ నీళ్ళు తాగి, పిల్లను గట్టిగా హత్తుకుంది. ఆ సంగతి చెబితే ఫేగా మార్సీ చేతులు పట్టుకుని ఆమె కళ్ళ మీదికి తెచ్చి, ప్రార్థనలో ఒక్కో మాటా చెప్పి, తిరిగి చెప్పించింది.

అప్పటి నుంచి శుక్రవారాలు ఫేగా ఇంట్లోనే. మార్సీ ఒకసారి "పై వాటా" డిస్కు పట్టుకెళ్ళి చూపించింది. ఫేగా ఒక్కసారీ నవ్వలేదు. "ఇందులో హాస్యమేముంది? ఆవిడ చెప్పిందంతా నిజమే కదా! చూడు చూడు, మూత లేకుండా సూప్ మెట్లు దింపుతోంది. చల్లారిపోదూ?" అని టీవీని తిట్టింది. మార్సీ నవ్వి నవ్వి సోఫా మీంచి జారిపోయింది.

శీతాకాలంలో గ్లెన్ దుకాణానికి వచ్చాడు. కళ్ళజోడు మర ఊడిపోయిందన్నాడు. అది చేత్తో తిప్పినా బిగిసేదే.

"నువ్వు రాకపోతే నవ్వు రావట్లేదు మార్సీ."

"నేనున్నప్పుడు దేనికి నవ్వావో ముందు అది ఆలోచించు."

"ఆలోచించాను." టోపీ చేతుల్లో నలిపాడు. "ఆ మాట మా నాన్న అనేవాడు. అదే వచ్చేసింది. వచ్చిందని చెప్పడం సాకు కాదనుకో. తప్పు చేశాను."

మార్సీ మర బిగించి, అద్దాలు తుడిచి, అతని ముఖానికి పెట్టింది. కోపం పోలేదు. అతను ఆస్పత్రి కుర్చీలో కూర్చున్న రాత్రీ పోలేదు.

"శుక్రవారమైతే రాను" అంది.

సంఘం ఆదివారానికి మారింది. ఇద్దరు మానేశారు, ఎందుకో ఎవరూ అడగలేదు. మార్సీ వెళ్తుంది, కొన్ని నెలలు. కొన్ని నెలలు వెళ్ళదు. బెర్నడెట్ మాత్రం ఇప్పుడు ఆమెతో ఏమైనా మాట్లాడే ముందు ఆలోచిస్తోంది. ఆ జంకు చూస్తే మార్సీకి చిరాకు, జాలి రెండూ కలుగుతాయి.

సినగాగ్ గుమ్మం దగ్గర ఇప్పుడు తుపాకీతో కాపలావాడు నిలబడుతున్నాడు. ఆ దారినే పోవాలి ఫేగా ఇంటికి. గోడ దగ్గరకొచ్చేసరికి మార్సీకి ఇప్పటికీ ఒకసారి భయమేస్తుంది. అయినా తల దించుకోదు. కాపలావాడికి చెయ్యూపి ముందుకెళ్తుంది. మలుపు తిరగ్గానే కిటికీలోంచి వీధంతా వినిపించేలా ఫేగా కేకేస్తుంది.

"అలా బొమ్మలా నడుస్తావేం? పొద్దు గూకిపోతోంది, పరిగెత్తు!"

మార్సీ పరిగెడుతుంది.