రెండో బహుమతి

ఎడ్ల పందేల్లో బండి తోలి బతికానంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. పెద్దాపురం చుట్టుపక్కల ఊళ్లలో పదేళ్లకు పైగా అదే నా బతుకుతెరువు. ట్రాక్టర్లు వచ్చి దుక్కులన్నీ లాగేసుకున్నాక పొలం ఎడ్లు సంతకు పోయాయి. పందెం ఎడ్లు మిగిలాయి, వాటితోపాటు నాలాంటివాళ్లం నలుగురైదుగురం.

మా కామందుగారి జతకి రోజూ ఉలవలు, కోడిగుడ్లు, నువ్వులనూనె. ఆ ఉలవలు ఉడకబెట్టేది నా భార్యే. "ఇంత తిండి మనకి పెడితే ఆ బండేదో మనమే లాగుదుం" అనేది. తప్పేముంది ఆ మాటలో. ఎద్దు కాలు బెణికితే డాక్టరుగారు మోటారు సైకిలు మీద వచ్చేవారు. నేను బండి మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంటే నాటు కట్టు కట్టించుకున్నాను, ఆ ఖర్చూ నాదే. బహుమతి కామందుగారిది, కప్పు కామందుగారిది. నాకు ఏడాదికిచ్చే ధాన్యం, గెలిస్తే ఒక పంచె.

ఈ వ్యాపారం కిటుకు నాకు ఆలస్యంగా బోధపడింది. డబ్బు బహుమతిలో లేదు, ఎద్దులో ఉంది. జత మొదటిదొస్తే ధర మూడింతలవుతుంది. బయటి జిల్లావాళ్లు వచ్చి కొనుక్కుపోతారు, బండి తోలేవాడు వాళ్లకి వేరే ఉంటాడు. జత బాగా వెనకబడితే మేత దండగని కబేళా లారీ ఎక్కిస్తారు. ఎటు తిరిగినా నా నోట్లో మట్టే. అందుకని రెండో బహుమతి పట్టుకున్నాను. ఒక్కో జతనీ విడిగా పరిగెత్తించి టైము చూస్తారు కదా, ముందు వెళ్లినవాళ్ల టైము చెవిన వేసుకుని, చివర్లో పగ్గం కాస్త బిగబట్టేవాణ్ణి. చూసేవాళ్లకి ఎడ్లు అలిసినట్టే ఉండేది. మూడేళ్లు అలా నెట్టుకొచ్చాను. అన్నం పెట్టినాయన్ని మోసం చేశానంటారా, చేశాను.

జతలో ఎర్రది నా చేతుల్లో పెరిగింది. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టాను. పొగరుమోతుది, నేను పిలిస్తే తప్ప మెడ కూడా తిప్పేది కాదు.

నాలుగో ఏడు పందేనికి ముందు కామందుగారు పిలిచారు.

"ఏరా, ఎప్పుడూ రెండోదేనా? నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను. ఈసారి మొదటిది కొట్టు. ఈ జతని చచ్చేదాకా అమ్మను, నా పిల్లల మీద ఒట్టు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. అంతా తెలిసినవాణ్ణి, పిల్లల మీద ఒట్టేశారు కదాని నమ్మాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ రోజు పగ్గం వదిలేశాను. ఎన్నడూ లేనిది ఎర్రదాన్ని ముల్లుగర్రతో పొడిచాను కూడా. మొదటిదొచ్చాం. జనం నన్ను భుజాల మీదకెత్తుకున్నారు. కిందికి దించేసరికి కామందుగారు కృష్ణా జిల్లా ఆసామీ ఒకాయనతో, తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లతో బేరమాడుతున్నారు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు.

"ఇంత ధర మళ్లీ రాదురా" అన్నారు, అంతే.

లారీలోకి తెల్లది ఎక్కింది. ఎర్రది ఎక్కలేదు. తోక మెలిపెట్టారు, కర్రలతో బాదారు. లారీకి ఆనించిన బల్ల మీద కాళ్లు బిగించి నిలబడిపోయింది. నేను పొడిచినచోట నెత్తురు ఇంకా ఆరలేదు. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వు పిలిస్తే వస్తుంది కదరా" అన్నారు కామందుగారు.

దాన్ని అలా కొడుతుంటే చూడలేకపోయాను. లారీ ఎక్కి, లోపల నిలబడి పిలిచాను. ఒక్క పిలుపుకే వచ్చేసింది. నా అరచేతిలో మూతి పెట్టి మేతేమైనా ఉందేమోనని వెతుక్కుంది. నేను పక్కనుంచి దిగిపోయాను. తలుపు వేసేశారు.

ఎక్కించినందుకు కొన్నాయన వంద రూపాయలిచ్చాడు. రేపట్నించి నాకు పనిలేదు. తీసుకున్నాను.