ఎడమ చేతి మీద అచ్చు

శేషుకుమారి సిడ్నీ శివారు ద పాండ్స్‌లో తొమ్మిదేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతోంది. కొత్తగా దిగిన తెలుగు ఆడపిల్లలు చాలామంది ఆవిడ దగ్గరే నేర్చుకుంటారు. వాళ్లు స్టీరింగ్ పట్టుకుంటే, ఆవిడ ఎడమ సీట్లో రెండో బ్రేక్ మీద పాదం పెట్టుకుని కూర్చుంటుంది. పక్క అద్దంలోంచి వచ్చే ఎండంతా ఆవిడ ఎడమ చేతి మీదే. ఇన్నేళ్లలో ఆ చెయ్యి కాస్త నల్లబడిందే తప్ప ఇంకేమీ కాలేదు.

ఈ జనవరి వేసవిలో మాత్రం కాలింది. మోచేతి పైభాగమంతా ఎర్రగా పొంగి ఒకటే మంట. సాయంత్రం స్నానానికి వెళ్లి అద్దంలో చూసుకుంది. ఆ ఎరుపు మధ్యలో నాలుగు వేళ్లు. తెల్లగా, విడివిడిగా, ఎవరో గట్టిగా పట్టుకుని వదిలినట్టు.

సరిగ్గా అక్కడే పట్టుకునేవారు ఆవిడ భర్త సత్యనారాయణమూర్తి. ఆయనకి కారంటే భయం. ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చుని, రౌండబౌట్ వచ్చినప్పుడల్లా "మెల్లగా శేషూ" అంటూ ఆ చెయ్యే పట్టుకునేవారు. కిందటి జూన్‌లో గుండె ఆగి పోయారు. ఆ తర్వాత నుంచి ఆవిడ డిప్రెషన్‌కి మాత్రలు వాడుతోంది. డిసెంబరులో డాక్టరు ఇంకో రకం మాత్ర ఇచ్చింది. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

మర్నాడు పొడుగు చేతుల జాకెట్టు తీసి, మళ్లీ బీరువాలో పెట్టేసింది. కప్పితే అచ్చు మాసిపోతుందేమోనని. వారం తిరిగేసరికి చుట్టూ చర్మం బొబ్బలెక్కింది, వేళ్లు ఇంకా తేటపడ్డాయి. రోజూ అద్దం ముందు నిలబడి చూసుకునేది. తన చెయ్యి దాని మీద ఆనించి చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

చివరికి బొబ్బ చితికి రసి కారుతుంటే క్లినిక్‌కి వెళ్లక తప్పలేదు.

"ఈ మందు వాడే కొందరికి ఎండ పడదు. కారు అద్దం కూడా పూర్తిగా ఆపదు. మీ అంతట మీరు మానెయ్యకండి, నేను మారుస్తాను," అంది డాక్టరు. చెయ్యి తిప్పి చూసి, "వేళ్ల కింద ఎండ తగల్లేదు. ఇక్కడ ఎవరు పట్టుకున్నారు?" అని అడిగింది.

శేషుకుమారి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాటి క్లాసు చైత్రది. ఖమ్మం నుంచి వచ్చి ఏడాది కాలేదు. కట్టు చూసి, "ఏమైంది ఆంటీ? క్లాస్‌లు స్టార్ట్ అయిన కాడ్నుంచి ఆ చెయ్యే పట్టుకుంటరు కదా. నా డ్రైవింగ్‌కి గంత టెన్షనా అనుకున్న," అంది.

"నేనా? ఎప్పుడు?"

"గిప్పుడు గూడ పట్టుకున్నరు ఆంటీ."

తల దించి చూసుకుంది. కుడి చెయ్యి ఒళ్లో ఉందనే అనుకుంటోంది. అది కట్టు మీద ఉంది, అచ్చు పడ్డ చోటే వేళ్లు బిగించి.

"పట్టుకున్నప్పుడల్లా చెప్పమ్మా," అంది నెమ్మదిగా.

పక్కనున్న రౌస్ హిల్ దాకా వెళ్లొచ్చేలోపు చైత్ర పదకొండుసార్లు చెప్పింది. పదకొండుసార్లూ, చెయ్యి ఎప్పుడు వెళ్లిందో ఆవిడకి తెలియలేదు. కారు దిగే ముందు మాత్రల సంగతి చైత్రకి చెప్పింది. ఇంకో మనిషితో ఆ మాట అనడం అదే మొదలు.

మందు మారింది, పొడుగు చేతుల జాకెట్టు బీరువాలోంచి బయటికొచ్చింది. ఈస్టర్ నాటికి చర్మమంతా ఒకే రంగుకి తిరిగింది. చిటికెన వేలి జాడ కూడా కనబడని రోజున శేషుకుమారి క్లాసులన్నీ రద్దు చేసుకుని ఇంట్లో కూర్చుంది.