పాత పెనం మీద తొలి అట్టు

మా పెద్దత్తగారు పోయారన్న కబురు తాడేపల్లిగూడెంలో మా పుట్టింటికి ఫోన్లో వచ్చింది. నాకప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్నదాన్ని పోయినవాళ్లని చూడకూడదన్నారు. మా అమ్మ ఒక్కతే మా అత్తారి ఊరు ఏలూరు వెళ్లి వచ్చి, తలస్నానం చేసి, నా పక్కన కూర్చుంది. చివరిచూపు దక్కలేదు కాబట్టి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి దాకానే. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆవిడ మా మావగారి వదినగారు. పిల్లల్లేరు. పెదమావగారు పోయాక మాతోనే ఉండేవారు. మా ఆయన ఇంటి ముందుగదిలో నెట్ సెంటర్ నడుపుతారు. మధ్యాహ్నం జనం పల్చబడ్డాక ఆవిడ మూల కంప్యూటర్ ముందు కూర్చుని, పాత సామాన్లు వేలం వేసే సైట్లో పోత ఇనప పెనాలూ మూకుళ్లూ వెతికేవారు. పక్క కుర్చీ నాది. నలుగురిలో నోరు విప్పలేని కొత్త కోడల్ని. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంటే నాకు ధైర్యంగా ఉండేది.

ఆవిడ పుట్టిల్లు కొల్లేటికోట. చేపల వేలం చూస్తూ పెరిగారు. గడువు ముగిసే చివరి నిమిషం దాకా మౌస్ ముట్టుకునేవారు కాదు. "ముందు నోరు తెరిచినవాడికి చేపా దక్కదు, పరువూ దక్కదు" అనేవారు. అని, నా వైపు చూసి, "నువ్వు వేలానికి బాగా పనికొస్తావే అమ్మాయ్" అని నవ్వేవారు.

వచ్చినవేవీ జత కుదిరేవి కాదు. ఒక ఊరి మూకుడికి ఇంకో ఊరి మూత. ఒక పెనానికి పిడి లేదు. బొమ్మలో బూరెల మూకుడులా కనిపించింది విప్పి చూస్తే పోపు గరిటంత ఉంది. కొలత చూసుకోలేదా అని మా ఆయన ఏడిపిస్తే, "పక్కన చెయ్యి పెట్టి ఫోటో తియ్యకపోతే నాకేం తెలుస్తుందిరా" అన్నారు. ప్రతిదాన్నీ చింతపండూ బూడిదా వేసి తోమి, నూనె రాసి, సెగ మీద పెట్టి, నల్లగా నిగనిగలాడేదాకా వదిలేవారు కాదు. చిన్నప్పుడు కొల్లేరు పొంగి వాళ్ల వంటిల్లు మునిగితే, నీళ్లు తీశాక బురదలో వాళ్లమ్మ కాలికి తగిలింది పెనం ఒక్కటేనట. "ఇనుము చావదమ్మా, అలుగుతుంది. కాస్త నూనె రాస్తే మళ్లీ పలుకుతుంది" అనేవారు.

నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఎదురింటి పిన్నిగారు పలకరింపుకొచ్చి, పెద్దత్తగారితో, నాకు వినపడేలాగే మెల్లగా అన్నారు. "పొయ్యి ఆరిపోయిన ఇంటి పెనమే కదండీ అమ్మకానికొచ్చేది. ఎవరెవరి ఉసురో తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే పసిగుడ్డు ఎలా నిలుస్తుందండీ?"

పెద్దత్తగారు కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయారు. పెనాలు మాత్రం పారెయ్యలేదు. అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన ఏ పెనం మీదైనా తొలి అట్టు ఆవిడే తినేవారు. దక్షిణం వైపు తిరిగి తినకూడదంటారు కదా, అటే తిరిగి కూర్చునేవారు. మాడినా, అంటుకుపోయి ముక్కలైనా, తునక మిగిల్చేవారు కాదు. రెండో అట్టు నుంచే మాకు. ఎందుకండీ అని ఒకసారి అడిగాను.

"వచ్చేదేదో ముందు నా దగ్గరికి రానీ" అన్నారు.

ఈసారి కడుపు నిలిచింది. నాకు నెలలు పెరుగుతున్నకొద్దీ ఆవిడ చిక్కిపోయారు. డాక్టరుగారు గుండె జబ్బన్నారు. ఎదురింటి పిన్నిగారు వేరే అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను, పైకి అనలేదు. నన్ను పురిటికి పంపేటప్పుడు ఆవిడ బస్టాండు దాకా వచ్చారు. బస్సు కిటికీ ఊచలు పట్టుకుని, "నీకో పెనం చూశాను. మీ అమ్మగారింటికే వస్తుంది. నేనొచ్చేదాకా పొయ్యెక్కించకు" అన్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు కొరియర్ వచ్చింది. పైన నా పేరుంది. ఆ రోజు శనివారం. శనివారం ఇనుము గుమ్మం దాటకూడదని అమ్మ దాన్ని అరుగు మీదే ఉంచింది.

ఈ పొద్దున విప్పాం. అరచేతంత పెనం. ఒక్క చిన్న అట్టు పడుతుంది, పసిపిల్లకి పెట్టేంత. ఈసారీ బొమ్మ చూసి పొరబడ్డారో, తెలిసే కొన్నారో అడగడానికి మనిషి లేరు. అమ్మ కాలవలో పడేద్దామంది. వద్దన్నాను. నా గొంతు అంత గట్టిగా రావడం అమ్మ ఎప్పుడూ వినలేదు.

ఆవిడ చేసినట్టే తోమాను, నూనె రాశాను, సెగ చూపించాను. కడుపుతో ఉన్నదాన్ని, తొలి అట్టు నేను తినడానికి లేదు. అమ్మని తినమనడానికి నోరు రాలేదు. అరిటాకు ముక్కలో పెట్టి, ఆవిడకని దక్షిణం వైపు గోడ మీద ఉంచాను.

కాకులు ఎదురుగా కరెంటు తీగ మీదే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. అట్టు అంచులు ఎండి పైకి లేస్తున్నాయి. లోపల అమ్మ పెనాన్ని సన్నని సెగ మీదే ఉంచింది. ఆ వాసనకి కాబోలు, కడుపులో బిడ్డ కదులుతోంది. రెండో అట్టు ఇంకా పొయ్యలేదు.